కలుపు నాటిన ఆదివారం

సోమవారం

ఏమండీ,

కూరగిన్నె మూత తీయగానే కాగితం కనిపించి కంగారుపడి ఉంటారు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అత్తయ్య అరుగు మీద కూర్చుని నా నడక గురించి పక్కపొలం ఆవిడతో చెబుతున్నారు. అంటే ఆవిడ ఒంట్లో బాగానే ఉందన్నమాట.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోకండి. మన పెళ్ళయి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో నేను మీతో ఆడిన మాటలన్నీ పోగేస్తే ఈ క్యారేజీలో అడుగుగిన్నె కూడా నిండదు. చెప్పాలనుకున్నది గొంతుదాకా వస్తుంది, మీరు తలెత్తి చూడగానే మళ్ళీ లోపలికి దిగిపోతుంది. అత్తయ్య నాకు ‘ఉలకదు పలకదు’ అని పేరు పెట్టారంటే తప్పు ఆవిడది కాదు. కానీ ఐదో తరగతి దాకా చదివాను కదా, కాగితమంటే మాత్రం నాకు భయం లేదు. కాగితం తలెత్తి చూడదు.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తింటికి దిగువన మీరు తాడు కట్టి పాతిన కర్రమేకుల్లో మూడోది గాలికి కదిలిపోతోందని మీరు మూడుసార్లు మళ్ళీ పాతారు. గాలి కాదండీ, నేనే. మీరు పనికి వెళ్ళగానే దాన్ని పీకి నాలుగడుగులు అవతల పాతుతున్నాను. తాడు లోపలున్న గడ్డినంతా కోసేస్తానన్నారు. ఆ మేకు దగ్గరే గడ్డిదుబ్బు కింద పూరేడుపిట్ట పొదుగుతోంది. తొమ్మిది గుడ్లు. నేను దగ్గరికి వెళ్ళినా లేవదు, మట్టిలో మట్టిలా నక్కి ఒక కంటితో చూస్తుంది. నాకంటే బిడియస్తురాలు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

పెళ్ళికి ముందు ఏడేళ్ళు మా నాన్న గొర్రెలమంద వెనక నడిచినదాన్ని. ఏ పొద కింద ఏముంటుందో చూడకుండా నా కాళ్ళు ముందుకు కదలవు. మన నాలుగెకరాల్లో పైన రెండెకరాలు మీ ఇష్టం. దిగువ రెండెకరాల్లో ఎవరెవరున్నారో మీకు తెలియదు. ముళ్ళపొదల్లో ఒక కుందేలుంది, వెనకకాలు కొంచెం కుంటుతుంది. నడకలో మాత్రం ఎంత దర్జానో! దానికి కుంటిదొర అని పేరు పెట్టాను. ఎండిన మోడులో వడ్రంగిపిట్టల జంట ఇల్లు కడుతోంది. మన ఇంటి తలుపులు చేసిన వడ్రంగి చెప్పిన రోజుకు ఏనాడూ రాలేదు, ఈ వడ్రంగి మాత్రం తెల్లవారకముందే పనిలో ఉంటుంది. పల్లపు గుంటలో నాలుగు చినుకులు పడితే చాలు, కప్పలు ఎక్కడినుంచి వస్తాయో వచ్చేస్తాయి.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మీరు బుల్డోజరు పిలిపించారు. మోడు పడగొట్టి, పొదలు ఊడబెరికి, గుంట పూడ్చి, నాలుగెకరాలూ చాపలా చదును చేయించి పచ్చిక పరుస్తానన్నారు. మీరు పెద్దతోటలో మాలి పనిలో రోజంతా తాడు పట్టుకుని గీత గీసినట్టు కంచెమొక్కలు కత్తిరిస్తారు కాబట్టి మీ కంటికి అదే అందం. మీది తప్పనడం లేదు. దిగువ రెండెకరాలు మాత్రం వదిలేయండి. అంతే నేనడిగేది.

జవాబు ఒక్క ముక్క రాసి ఖాళీ గిన్నెలో పెట్టి పంపండి. నోటితో వద్దు, నాకు సిగ్గు.

మరొకటి. మీరు నిద్రలో నవ్వుతారు. మీకెవరూ చెప్పి ఉండరు.

మీ
ఉలకదు పలకదు

*

శుక్రవారం

ఏమండీ,

నాలుగు రోజులుగా క్యారేజీ వస్తోంది, గిన్నెలు కడిగి ఉంటున్నాయి, అందులో జవాబు మాత్రం ఉండటం లేదు. నా ఉత్తరం చదవలేదేమో అనుకుందామంటే, మూడో మేకును మీరే పీకి నాలుగడుగులు అవతల పాతారు. మంగళవారం పొద్దున కిటికీలోంచి చూశాను. నాకు ఎంత సంతోషమైందంటే పాలు పొంగిపోయినా చూసుకోలేదు, అత్తయ్య చేత తిట్లు తిని కూడా నవ్వుతూనే ఉన్నాను. ‘తిడితే నవ్వే కోడలు మా వంశంలో లేదు’ అన్నారావిడ.

కానీ అదే రోజు సాయంత్రం మీరు బుల్డోజరు డ్రైవరుతో ఫోనులో మాట్లాడారు. పై ఆదివారం తప్పకుండా రమ్మన్నారు. అంటే పిట్టకు నాలుగడుగులు ఇచ్చి, మిగతా రెండెకరాలూ తీసేసుకుంటారా?

వదిలేయమంటే ఊరికే పాడుబెట్టమని కాదండీ. గొర్రెలు కాస్తూ కూర్చున్నప్పుడు నేను చూసిందంతా ఇక్కడ చేయాలని ఉంది. పల్లపు గుంటను ఇంకాస్త తవ్వితే నీళ్ళు నిలుస్తాయి. ఒక గట్టు మాత్రం బాగా వాలుగా ఉండాలి, చిన్నకాళ్ళవి దిగి తాగి ఎక్కగలిగేలా. తేనెటీగలు ఈదలేవు కాబట్టి నీటి అంచున గులకరాళ్ళు పోయాలి, వాటి మీద నిలబడి తాగుతాయి. మీరు కత్తిరించి కాల్చేసే కొమ్మలుంటాయి కదా, అవి ఒక మూల కుప్ప పోస్తే ఎన్ని ప్రాణాలకో ఇల్లు. కంచెకు కింద జానెడు సందు వదలాలి. మోడును అసలు ముట్టుకోకూడదు. ఇంత పొడుగు మాట నేను నోటితో చెప్పి ఉంటే ఈపాటికి స్పృహ తప్పి ఉండేదాన్ని.

మీకు ఏం రాయాలో తోచడం లేదేమో. నా చేతిరాత చూసి మీకు నవ్వొచ్చిందేమో. మీరు పదో తరగతి చదివినవారు. అయినా మందుసీసా మీద ఏముందో, కరెంటువాళ్ళ కాగితంలో ఏముందో నన్నే చదవమంటారు. మీకు నా గొంతు వినాలని ఉందేమో అనుకుని, రెండుసార్లు చదువుతాను. అంత ఇష్టంగా విన్నవారు ఒక్కముక్క రాయలేరా?

రాయడానికేమీ లేకపోతే ఖాళీ కాగితమైనా పెట్టండి. చదివారని తెలుస్తుంది.

మీ
ఉలకదు పలకదు

*

మంగళవారం

ఏమండీ,

ఖాళీ కాగితం అందింది.

నాలుగు మడతలు పెట్టి, అడుగుగిన్నెలో, తడి తగలకుండా ఆకు చుట్టి మరీ పంపారు. గబగబా విప్పాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. మధ్యలో పెన్సిలు ఆనించిన చుక్క ఒకటి తప్ప ఏమీ లేదు. నేనడిగిందే మీరు పంపారు, కాదనను. కానీ అడిగినవాళ్ళకు అడిగినదే ఇవ్వడం ఇంత ఏడిపిస్తుందని నాకు తెలియదు.

ఇక దాచుకోను. గృహప్రవేశం రోజున వదినగారు వరండాలో నిలబడి దిగువకు చూసి, ‘ఇల్లు బాగుంది కానీ చుట్టూ ఈ అడవేంట్రా తమ్ముడూ’ అన్నారు. దానికి మీరు, ‘మా ఆవిడ అడవి మనిషేగా అక్కా, అలవాటు తప్పకుండా ఉంటుందని ఉంచాను’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. వదినగారు అన్నందుకు కాదు. నేను గొర్రెలు కాసినదాన్నని తెలిసే చేసుకున్నారు మీరు. పెళ్ళిచూపుల రోజున, ‘ఈ అమ్మాయికి మేకపిల్ల ఏడుపుకీ గొర్రెపిల్ల ఏడుపుకీ తేడా తెలుసట’ అని మీరు మీ అమ్మతో గొప్పగా చెప్పడం తలుపు వెనక నుంచి విన్నాను. ఆ ఒక్క మాట వినే సరేనన్నాను. అదే నోటితో నలుగురిలో అడవి మనిషి అన్నారు. ఆ రోజునుంచీ బుల్డోజరు పేరెత్తినప్పుడల్లా మీరు పొదల్ని కాదు, నన్నే చదును చేయిస్తున్నట్టు ఉంటోంది.

అందుకని నా నిర్ణయం చెబుతున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్ళి మోడు కింద కూర్చుంటాను. నాకు మాట్లాడటం రాదు, కూర్చోవడం వచ్చు. ఏడేళ్ళు గొర్రెల దగ్గర కూర్చున్నాను. వాన వచ్చినా లేవలేదు. బుల్డోజరు వస్తే లేస్తానా?

కాగితం మాత్రం పారేయలేదు. నా పెట్టెలో అడుగున పెట్టాను. ఎందుకో నాకే తెలియదు.

మీ
అడవి మనిషి

*

సోమవారం

ఏమండీ,

ఈ ఉత్తరాన్ని మీకు ఎవరు చదివి వినిపిస్తారో, ఎంతమంది వింటారో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. పెద్దతోటమాలి బాబాయిగారికి నమస్కారం. కాస్త నెమ్మదిగా చదవండి. మీకు చెవుడని లోకమంతా చెవిటిది కాదు.

నిన్న జరిగింది మీరందరూ చూశారు. కానీ నా వైపునుంచి ఎలా కనిపించిందో మీకెవరికీ తెలియదు. అందుకని చెబుతున్నాను.

పొద్దున మీరు ఏమీ చెప్పకుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు. డ్రైవరును తీసుకురావడానికే అనుకున్నాను. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వెళ్ళి మోడు కింద కూర్చున్నాను. పైన వడ్రంగిపిట్ట టకటకమని నా నెత్తిన పొట్టు రాలుస్తోంది. అత్తయ్య వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. కారణం అడుగుతారనుకున్నాను. అడగలేదు. ‘కూర్చునేదానివి నీడ తిరిగే వైపు కూర్చో, గంటలో ఎండ ఇక్కడికే వస్తుంది’ అని చెప్పి, వెళ్ళి గొడుగు తెచ్చి పక్కన పడేశారు.

కాసేపటికి బండి చప్పుడు వినిపించింది.  కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చాలామంది కాళ్ళ చప్పుడు, పారలు కింద పెట్టిన చప్పుడు. నన్ను లేపడానికి ఇంతమందిని తెచ్చారా అనుకున్నాను. చేతులు వెనక్కి చాచి మోడును పట్టుకున్నాను. అప్పుడు నా చెవి పక్కనే ఊరంతా వినిపించేలా ఒక గొంతు అడిగింది.

‘అమ్మాయీ, పూరేడు గుడ్లు తొమ్మిదీ ఉన్నాయా?’

కళ్ళు తెరిస్తే మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడుతున్న పెద్దాయన. వెనక ఏడుగురు. అందులో బక్కపలచటి ఆయన పొదల వైపు వంగి, ‘కుంటిదొర లేచాడా వదినా?’ అన్నాడు. ఇంకొకాయన అటూఇటూ చూసి, ‘నిద్రలో నవ్వే మనిషేడిరా, ఇక్కడే ఉండాలే’ అన్నాడు. మీరు ట్రాక్టరు వెనక కొమ్మల మోపు ఎత్తుకుని, మొహం కనపడకుండా నిలబడి ఉన్నారు.

భూమి చీలి నన్ను తీసేసుకుంటే బాగుండుననిపించింది. నేను మీ ఒక్కరికే, మూత కింద పెట్టి, ఆవిరికి తడవకుండా పంపిన మాటలు ఎనిమిదిమంది నోళ్ళలో ఉన్నాయి! గొడుగు విప్పి దాని వెనక దాక్కున్నాను. అవును, అందుకే విప్పాను. ఎండకు కాదు.

పెద్దతోటమాలిగారు ఆ గొడుగుకే చెప్పారు. ‘ఇరవయ్యేళ్ళుగా కలుపని పీకి పారేస్తున్నామమ్మా. నీ ఉత్తరం చదివాక చెయ్యి ఆడలేదు. ఈ వారం పీకినవన్నీ వేళ్ళతో సహా తెచ్చాం. ఎక్కడ నాటాలో చెప్పు.’

గొడుగు కొంచెం దించి చూస్తే, ట్రాక్టరు నిండా గడ్డిపూలు, తీగలు, సీతాకోకచిలుకలకు ఇష్టమైన ముళ్ళమొక్కలు, ఎవరూ పేరుపెట్టి పిలవనివి. కాల్చకుండా దాచిన కొమ్మలు. ఇంతలో నిజంగానే బుల్డోజరు వచ్చింది. డ్రైవరు దిగి, ‘ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత లోతు?’ అని మిమ్మల్ని అడిగాడు. మీరు కొమ్మల వెనకనుంచి, ‘ఆవిణ్ణి అడగండి’ అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. పదిమంది తలెత్తి చూస్తున్నారు. నా గొంతు ఎప్పటిలాగే దిగిపోబోయింది. అప్పుడు డ్రైవరు తనే ఏదో ఊహించుకుని బండిని నేరుగా గడ్డిదుబ్బు వైపు తిప్పాడు.

‘ఆగు!’ అన్నాను.

ఆ కేక నాదేనా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. ఇక ఆగితే ఒట్టు. అటు వద్దు, ఇటు, గుంటలోకి, మోకాలి లోతు చాలు, ఈ గట్టు వాలుగా, ఇంకా వాలుగా, ఇది మీ ఇంటి గడప కాదు, కుందేలు దిగాలి అన్నాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అత్తయ్య అరుగు మీదనుంచి పక్కపొలం ఆవిడతో, ‘దీనికి నోరుందే! ఇన్నాళ్ళూ అద్దెకిచ్చిందా ఏంటి?’ అనడం నాకు వినిపించింది. తర్వాత బక్కాయనతో, ‘మా కోడలు వాలుగా అంటే వాలుగానే తవ్వాలి, అర్థమైందా’ అనడం కూడా వినిపించింది.

బాబాయిగారూ, మీ మీద ఒక ఫిర్యాదు. కలుపుమొక్కల్ని కూడా మీరు తాడు కట్టి వరుసగా నాటారు. సైనికుల్లా నిలబడ్డాయి పాపం. గుప్పెడు గులకరాళ్ళు వెనక్కి విసిరి, అవి పడ్డచోట నాటమన్నాను. మొదటి రాయి మీ కళ్ళజోడుకే తగిలింది. ఆ తర్వాత మాత్రం బాగా నాటారు. చేతులు వణికాయట కదా, వంకర నాటడానికి. ఇరవయ్యేళ్ళలో మొదటిసారట.

ఇక్కడినుంచి మాత్రం ఈయనకొక్కరికే. మీరు చదవక తప్పదు, మిగతావాళ్ళను దయచేసి నీళ్ళు తాగి రమ్మనండి.

ఏమండీ, వాళ్ళందరూ వెళ్ళాక పొద్దు వాలే వేళ గుంట గట్టున కూర్చుని మీరు చెప్పింది నేను మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. ‘నాకు చదువు రాదు’ అన్నారు. అంతే అన్నారు, తలెత్తలేదు. పదో తరగతి అన్నది పెళ్ళికోసం చెప్పిన మాట. మొదటి ఉత్తరం అందరి ముందూ గిన్నెలోంచి జారిపడితే, చదివిపెట్టగలిగింది పెద్దతోటమాలిగారొక్కరే, ఆయనకు మెల్లగా చదవడం రాదు. రెండో ఉత్తరానికి అందరూ భోజనం గిన్నెలు పట్టుకుని మీ చుట్టూ వచ్చి కూర్చున్నారట. మూడోది చదువుతూ వదినగారి మాట దగ్గర ఆయన ఆగి కళ్ళజోడు తీసేశారట. ‘దీనికి జవాబు నేను రాసిపెట్టలేను, నువ్వే చెప్పుకోవాలిరా’ అన్నారట. ఆ పూట ఎవరూ అన్నం తినలేదట. అంతకుముందు ఖాళీ కాగితం మీద పెన్సిలు ఆనించి మీరు భోజనం గంట మొత్తం కూర్చున్నారట. ఆ చుక్క అదట.

నేను దాన్ని వెక్కిరింత అనుకున్నాను. మీరు నన్ను చూసి నవ్వుతున్నారని నేను, సంగతి తెలిస్తే నేను నవ్వుతానని మీరు. ఎంత తెలివైనవాళ్ళమండీ ఇద్దరం!

రాత్రి అత్తయ్యను అడిగాను, అవును, నోటితోనే అడిగాను, ఎందుకు దాచారని. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. ‘వాడికి అక్షరం రాదని నాకు తెలుసు, నీకు నోరు రాదని మీవాళ్ళకు తెలుసు. ఈడూజోడూ కుదిరిందనుకున్నా’ అన్నారు.

రేపటినుంచి పొద్దున పనికి వెళ్ళేముందు పావుగంట. పలక తెప్పించాను. మొదటి మాట ఏది నేర్చుకుంటారో మీరే చెప్పండి.

మీ
ఉలకదు పలకదు
(ఈ పేరు ఇంకెంతకాలం చెల్లుతుందో)

*

మూడు నెలల తర్వాత, బుధవారం

ఏమండీ,

ఇది పెద్ద అక్షరాలతో రాశాను. మాటలు చిన్నవి. మెల్లగా చదవండి. ఎవరికీ ఇవ్వకండి.

వాన పడింది. గుంట నిండింది. కప్పలు అరుస్తున్నాయి. అత్తయ్య కంటే గట్టిగా. ఆవిడకు చెప్పకండి.

పూరేడు పిల్లలు ఎనిమిది ఎప్పుడో నడిచి వెళ్ళాయి. ఒక గుడ్డు మిగిలిపోయింది. అది నా పెట్టెలో ఉంది.

నిన్న వదినగారు వచ్చారు. వరండాలో నిలబడి దిగువకు చూశారు. పసుపు పూలు, తెల్ల పూలు, వాటి మీద రెక్కలే రెక్కలు.  తర్వాత, ‘మా ఇంటి వెనక కొంచెం చోటుంది, వచ్చి చూస్తావా’ అని నన్ను అడిగారు. వస్తానన్నాను. గట్టిగానే అన్నాను.

మీరు ఇది చదివితే నాకు తెలియాలి. ఖాళీ కాగితం మాత్రం వద్దు.

మీ నేను

*

నీకు,

ఇది నీ పెట్టెలో కాగితం. అడగకుండా తీశాను. చుక్క చూడు. ఆ రోజు ‘నేను’ అని రాయాలని పెన్సిలు పెట్టాను. రాలేదు. ఇప్పుడు వచ్చింది.

నేను అక్క ముందు అన్న మాట తప్పు. నోటితో చెప్పాను. కానీ నువ్వు రాసి అడిగావు. అందుకే రాశాను.

కుంటిదొర దొర కాదు. దొరసాని. పొద్దున కంచె కింద సందులోంచి వచ్చింది. వెనక మూడు పిల్లలు. నువ్వు నిద్రలో ఉన్నావు. నువ్వూ నవ్వుతావు. లేపలేదు.

ఇది పెద్దతోటమాలి చూడలేదు. తప్పులుంటే నావే.

నిద్రలో నవ్వేవాడు